పాట చివర మా అత్త

మా పైవాటాలోకి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి నడిస్తే నా నెత్తి మీద కప్పు అదురుతుంది. ఇంటాయన మొన్న నా దగ్గరికి వచ్చి, మొహమాటపడుతూ, "మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండమ్మా, కాస్త మెల్లగా నడవమని ఆ అమ్మాయికి చెప్తాను" అన్నాడు. చెప్పారంటే మీ ఇల్లు ఖాళీ చేస్తానన్నాను. ఈ ముసలావిడకి మతి పోయిందనుకుని వెళ్ళిపోయాడు పాపం. ఆయనకేం తెలుసు. నెత్తి మీద ఆ అడుగుల చప్పుడు వింటూంటే నాకు అన్నం సయిస్తుంది. దానికంతటికీ కారణం మా అత్త.

అత్తంటే మా మేనమామ పెళ్ళాం. అమ్మా నేనూ వాళ్ళింట్లోనే ఉండేవాళ్ళం. పొట్టి మనిషి, పెద్ద లావు కూడా కాదు. కానీ అడుగు వేసిందంటే నలుగురు కలిసి నడుస్తున్నట్టుండేది. కుడికాలు గట్టిగా, ఎడమకాలు ఇంకా గట్టిగా. వంటింట్లోంచి ఆవిడ బయల్దేరితే వసారాలో చెక్క అలమరలోని చెంబులన్నీ గలగలమనేవి. ఆగేటప్పుడు కూడా ఊరికే ఆగేది కాదు. వెనకున్న కాలిని తెచ్చి ముందుకాలి పక్కన ధన్‌మని ఒక్కటి వేసేది, తలుపుకి గడియ పెట్టినట్టు. ఆ చివరి ధన్ పడ్డాకే మాట వచ్చేది. సందు మొదట్లో ఉండగానే అత్త వస్తోందని ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. ఆవిడ మీద చాడీలు చెప్పుకునేవాళ్ళకి అదొక సదుపాయం.

మా అమ్మమ్మకి అత్త సొంత తమ్ముడి కూతురు. ఏరి కోరి తానే తెచ్చుకున్న కోడలు. అయినా అత్త నడక దగ్గర మాత్రం అమ్మమ్మకి సహించేది కాదు.

"ఒసే, మెల్లగా నడిస్తే నీ సొమ్మేటి పోతాదే? ఆడది నడిసినట్టు నడవ్వే" అనేది.

"మెల్లగా నడవడానికి నానేటి దొంగతనానికొచ్చినానా? మేళంతో తెచ్చుకున్నావు. మేళం లాగే ఉంటాను" అనేది అత్త.

ఇది ఏదో ఒకరోజు జరిగిన గొడవ కాదు. పొద్దున్నే కాఫీ తాగినట్టు, వాళ్ళిద్దరికీ అదొక అలవాటు. అమ్మమ్మ అనకపోతే అత్తకి తోచేది కాదు. అత్త తిరిగి అనకపోతే అమ్మమ్మకి ముద్ద దిగేది కాదు.

అత్త అడ్డచుట్ట కాల్చేది. మా వైపు వయసు మళ్ళిన ఆడవాళ్ళు వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని కాలుస్తారు, బయటికి పొగ కూడా కనబడదు. అత్త వయసు మళ్ళకముందే మొదలెట్టింది. అదేమిటత్తా అంటే, "ముసిల్దాన్నయ్యాక నేర్సుకుందామంటే అప్పటికి పళ్ళుండొద్దేటే?" అనేది. ఏది అడిగినా ఆవిడ దగ్గర ఇలాంటి జవాబొకటి తయారుగా ఉండేది. సగం వాటికి అర్థం ఉండేది కాదు. కానీ తిరిగి ఏమనాలో మనకి తోచేది కాదు.

మా మావకి విజయనగరంలో బ్యాండు మేళం ఉండేది. ఆయన క్లారినెట్టు. మిగతా ఊళ్ళ మేళాలు సినిమా పాటలు వాయించుకుంటుంటే మావ సొంత వరసలు కట్టేవాడు. భోగాపురం నుంచి పాతపట్నం దాకా పెళ్ళిళ్ళకి పిలిచేవారు. పాతపట్నం అవతల ఒరియా వాళ్ళ పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళేవాళ్ళు. పందిట్లో స్టేజీ కట్టిన చోట నేను పాడేదాన్ని. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. గొంతు చాలా బాగుండేది. ఇది గొప్ప కోసం చెప్పడం లేదని అంటే అబద్ధమవుతుంది, గొప్ప కోసమే చెబుతున్నాను.

అత్తకి సంగీతం పట్టేది కాదు. పెరట్లో పదిమంది కూర్చుని సాధన చేస్తుంటే ఆవిడ వంకాయలు తరుక్కునేది. ఆవిడ లెక్కలో పాటలు రెండే రకాలు, నడిసే పాట, కూకునే పాట. "ఆ సినిమా పాటలన్నీ కూకునే పాటలేనే. మీ మావవి నడిసే పాటలు" అని ఒకసారి నాతో అంది. మావ గురించి ఆవిడ నోట నేను విన్న పొగడ్త అదొక్కటే. మావకి చెబితే ఆ రోజంతా మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

అరవైల చివర్లో, ఊళ్ళో ఒక పెద్దింటి పెళ్ళికి మద్రాసు నుంచి రికార్డు కంపెనీ ఆయన ఒకాయన వచ్చాడు. ఊరేగింపులో మావ వరసలు విని మర్నాడు ఇంటికొచ్చి కూర్చున్నాడు. పెళ్ళికూతుర్ని చేసే దగ్గర్నుంచి అప్పగింతల దాకా పెళ్ళి పాటలన్నీ ఒక పెద్ద రికార్డు మీద చేద్దామన్నాడు. బ్యాండు దొరకని ఊళ్ళో ఆ రికార్డు వేసుకుంటే చాలు, పెళ్ళి జరిగిపోతుందన్నాడు.

ఆయన వెళ్ళాక మావ క్లారినెట్టు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తర్వాత నన్ను పిలిచి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "గుంటా, ఊరేగింపులో మన పాట ఎవుడూ మొత్తం ఇనడు. మనం అలగ ఒస్తాం, అలగ పోతాం. ఈ ఇంటోడికి మొదలు ఇనబడతాది, ఆ ఇంటోడికి సివర ఇనబడతాది. నా పాట మొదట్నుంచి ఆకరు దాకా కూకుని ఇన్నోడు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఇప్పుడు ఇంటారు."

పెళ్ళికాని పిల్లని పదిమంది మగాళ్ళతో మద్రాసు పంపుతామా అని మా అమ్మ అడ్డం తిరిగింది. అయితే తోడుగా అత్త వస్తుందన్నాడు మావ. అలా వెళ్ళింది మా అత్త మద్రాసు. మెయిలు బండిలో మూట విప్పి చోడిపిండి, అంటే రాగిపిండి రొట్టెలూ, ఉల్లిపాయలూ పంచిపెట్టింది. విజయవాడ దాటేసరికి పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ ఆవిడ అత్తయిపోయింది.

స్టూడియోలో అడుగుపెట్టగానే మా వాళ్ళు గోడలు తడిమి చూశారు. గోడలకి గుడ్డ, నేలంతా మెత్తటి తివాచీ. ఎంత గట్టిగా మాట్లాడినా మాట పక్కవాడిదాకా పోయి అక్కడే పడిపోయేది. తలుపు దగ్గర మాత్రం కాస్త మేర చెక్క నేల ఉంది. తలుపు మీద ఎర్ర బల్బు. అది వెలిగి ఉన్నంతసేపూ ఎవరూ లోపలికి రాకూడదు. సౌండు ఇంజనీరు తమిళాయన, తెలుగు బాగానే వచ్చు. ఇక్కడ పొగ తాగకూడదమ్మా అన్నాడు అత్తతో. అత్త వెలిగిన కొసని నోట్లో పెట్టుకుని, "పొగెక్కడుంది బాబూ, సూడు" అంది. ఆయన నిజంగానే వంగి చూశాడు. తర్వాత దండం పెట్టి ఆవిడని బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు.

మొదటి పాట మొదలెట్టాం. చాలా బాగా వచ్చింది. అంతా బాగానే ఉంది, కానీ పాట ఆగలేదు.

ఆగలేదంటే నిజంగానే ఆగలేదు. అద్దం వెనకనుంచి ఇంజనీరు చెయ్యెత్తాడు. మావ కళ్ళు మూసుకుని వాయిస్తాడు కాబట్టి చూడలేదు. పెద్ద డ్రమ్ము అప్పన్న మావ భుజం తప్ప ఇంకేమీ చూడడు. మిగతావాళ్ళు అప్పన్న చెయ్యి చూస్తారు. పల్లవి మళ్ళీ మళ్ళీ తిరుగుతూనే ఉంది. నేను పాడీ పాడీ గొంతు ఎండి ఆపేశాను. వాళ్ళు ఆపలేదు. చివరికి ఒకళ్ళు ముందు, ఒకళ్ళు వెనక, సంతలో బేరం తెగనట్టు ఎలాగో ఆగారు.

ఇంజనీరు లోపలికి వచ్చి, "ఎలా ముగిస్తారు మీరు మామూలుగా?" అని అడిగాడు.

మా వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ప్రశ్న వాళ్ళని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మావ ఆలోచించి, ఆలోచించి చెప్పాడు. "మేం ముందు నడుస్తాం బాబూ. పెళ్ళికొడుకూ జనం మా ఎనకాల ఒస్తారు. మాకు కనబడరు. ఏదో ఇంటికాడ హారతివ్వడానికి ఆపుతారు. ఎనక కాళ్ళ సప్పుడు ఆగిపోతాది. అప్పుడు మేవూ ఆపుతాం."

"అంటే పాటకి ముగింపు లేదా?"

"పాటకేటి ముగింపు. ఊరేగింపుకి ఉంటాది గాని."

ముందు నడిచేది మేళమే అయినా, నడిపించేది వెనకున్న కాళ్ళు. అంతకాలం వాళ్ళతో తిరిగి నేనూ అది గమనించలేదు. ఇంజనీరు ఓపిగ్గా చెప్పాడు, ఇన్నిసార్లు పల్లవి తిరిగాక ఆపండని. లెక్కపెడుతూ వాయిస్తే పాటలో ప్రాణం పోయింది, ప్రాణం పెట్టి వాయిస్తే లెక్క పోయింది. మధ్యాహ్నం అయిపోయింది. సాయంత్రం దాకే ఆ గది మాది, తర్వాత ఇంకెవరికో ఇచ్చేశారు. మావ చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. ఇంత దూరం వచ్చి వట్టి చేతులతో పోతామేమోనని అందరికీ భయం పట్టుకుంది.

మళ్ళీ మొదలెట్టాం. పాట సగం దాటింది. అప్పుడు తలుపు తోసుకుని మా అత్త వచ్చింది.

ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. తర్వాత అడిగితే, "ఆకలికి బల్బులు తెలుస్తాయేటే" అంది. తిండి వేళ దాటిపోయిందని పిలవడానికి వచ్చిందట. చెక్క నేల మీద ధన్, ధన్, ధన్‌మని మూడడుగులు వేసి, తివాచీ అంచున ఆగి, చివర్న ఎప్పటిలాగే రెండోకాలు ధన్‌మని వేసింది.

మేళం ఆగిపోయింది. అందరూ ఒక్కసారిగా, కత్తితో కోసినట్టు. అప్పన్న ఆఖరి దెబ్బ, మావ ఆఖరి ఊపిరి, అత్త ఆఖరి అడుగు మూడూ ఒకచోట పడ్డాయి. ఇంట్లో సాధనప్పుడు కూడా రోజూ జరిగేది ఇదే కదా అని అప్పుడు తట్టింది నాకు. వంటింట్లోంచి అత్త వచ్చి గడప దగ్గర నిలబడేది, వీళ్ళు ఆపేవాళ్ళు.

అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సెడగొట్టీసినానా?"

అద్దం వెనకనుంచి ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు. "చెడగొట్టలేదమ్మా. ఇలాగే ప్రతి పాటకీ రావాలి" అన్నాడు.

అలా అత్తకి ఉద్యోగం దొరికింది. తలుపు పక్కన నిలబడేది. ఇంజనీరు చెయ్యెత్తగానే నడిచి వచ్చి ఆగేది. వాళ్ళు ఆపేవాళ్ళు. సాయంత్రానికి పాటలన్నీ అయిపోయాయి. "నా పెళ్ళికి కూడా ఇంత నడవలేదే" అని గొణిగింది గాని, ఆవిడ మొహం వెలిగిపోతోంది.

తర్వాత కంపెనీ ఆయన వచ్చాడు. చేసినవన్నీ పెద్ద స్పీకర్లో పెట్టి వినిపించారు. మావ క్లారినెట్టు వింటూంటే నాకే ఒళ్ళు ఝల్లుమంది. పాట చివరికి వచ్చింది. ఆఖరి పల్లవి వెనకాల దూరంగా, స్పష్టంగా, ధన్ ధన్ ధన్... ధన్. మైకు అంత దూరంలో ఉంది, రాదులే అనుకున్నాడట ఇంజనీరు. ప్రతి పాట చివరా అది ఉంది.

కంపెనీ ఆయన మొహం ముడుచుకున్నాడు. "ఇదేమిటి, ఎవరో తలుపు బాదుతున్నట్టుంది? దీన్ని బజార్లోకి పంపితే జనం నవ్వుతారు" అన్నాడు. కత్తిరించబోతే మావ ఆఖరి స్వరం కూడా తెగిపోతోంది. మళ్ళీ చెయ్యడానికి గది లేదు. "చూద్దాం, ఆలోచిస్తాను" అని లేచిపోయాడు. ఆలోచిస్తానంటే ఏమిటో మా అందరికీ తెలుసు.

అత్త అక్కడే, గోడ పక్కనే ఉంది. అన్నీ వింది.

బండి ఎక్కాక మావ, "పోనీలేవే. నువ్వు రాకపోతే అసలు పాటే అవకపోను" అన్నాడు. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ పాట మొత్తం ఇంటారనుకుంటే నా కాళ్ళు ఇనబడినాయి బావా" అంది. తర్వాత విజయనగరం దాకా మాట్లాడలేదు. జవాబు లేని అత్తని నేను చూడడం అదే మొదలు.

ఇంటికి వచ్చాక ఆవిడ నడక మార్చేసింది. మునివేళ్ళ మీద, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, పాలు దొంగిలించే పిల్లిలా తిరిగేది. సాధనలో మా వాళ్ళు వాయిస్తూ వాయిస్తూ ఎప్పటికో తల తిప్పి చూస్తే గడప దగ్గర అత్త నిలబడి ఉండేది, చేతిలో అన్నం గిన్నె చల్లారిపోయి. "ఎప్పుడొచ్చినావమ్మా" అని అప్పన్న ఉలిక్కిపడేవాడు. మావకి ఇంట్లో ఏదో పోయినట్టుండేది. "ఏటే ఆ నడక? మామూలుగా నడవ్వే" అన్నాడొకసారి. "నడక మార్సుకున్నాను. మంచిదే కదేటి, అత్త ఎప్పట్నుంచో అంటన్నాది" అంది. నవ్వుతూనే అంది.

అమ్మమ్మకి తిట్టడానికేమీ దొరక్క కూరలో ఉప్పుని తిట్టేది. అత్త ఏమీ అనేది కాదు.

ఆ రోజుల్లోనే అమ్మమ్మకి కళ్ళ ఆపరేషను అయింది. అప్పట్లో పొర తీసి, రెండు కళ్ళకీ కట్టు కట్టి, తల కదపకూడదని పడుకోబెట్టేసేవారు. ఇంటికి తెచ్చాక మధ్యగదిలో మంచం వేశాం. చేసేదంతా అత్తే. ముద్దలు కలిపి పెట్టేది, ఒళ్ళు తుడిచేది. నోటి దగ్గరికి ముద్ద వచ్చినప్పుడల్లా అమ్మమ్మ తుళ్ళిపడి, "ఎవులది?" అనేది. "నానే అత్తా" అనేది అత్త. అమ్మమ్మ నోరు తెరిచేది. అంతకు మించి వాళ్ళిద్దరి మధ్యా మాటలుండేవి కావు.

రికార్డు అంతకు కొన్నాళ్ళ ముందే వచ్చింది. కంపెనీ ఆయన మనసు ఎందుకు మారిందో నాకు ఇప్పటికీ తెలీదు, ఆ ఇంజనీరే ఏదో చెప్పి ఉంటాడు. అడుగులు అలాగే ఉన్నాయి. మా సందు చివర కాఫీ హోటలువాడు ఒకటి తెచ్చి పొద్దస్తమానూ వేసేవాడు. పాట అయిపోగానే, ఇడ్లీ తింటున్నవాళ్ళందరూ తలలు తిప్పి గుమ్మం వైపు చూసేవారు. "ప్రతి పాటకీ ఎవులో ఒచ్చినట్టుంటాది. సూస్తే ఎవులూ ఉండరు" అని హోటలువాడు తెగ సంబరపడేవాడు. ఎచ్చెర్ల దగ్గర ఒక పెళ్ళిలో ఈ రికార్డు వేస్తే, పెళ్ళికూతురి తండ్రి పాట అయినప్పుడల్లా లేచి, వియ్యాలవారు వచ్చారనుకుని కండువా సర్దుకుంటూ ఎదురెళ్ళాడట. ఎదురెళ్ళాక ఎవరూ లేకపోతే నవ్వుకుని, పాటలు బాగున్నాయి మళ్ళీ వెయ్యమన్నాడట. రికార్డు బాగానే పోయింది. కానీ ఈ కబుర్లు వచ్చినప్పుడల్లా అత్త అక్కణ్ణుంచి లేచిపోయేది. "ఊరంతా నవ్వుతన్నారు కదేటే" అనేది. బాగుందని నవ్వుతున్నారత్తా అంటే నమ్మేది కాదు. హోటలు ముందునుంచి పోవడం మానేసి చుట్టు తిరిగి కుళాయికి వెళ్ళేది.

ఒకనాడు మధ్యాహ్నం మావ రేడియో షాపులో రికార్డు ప్లేయరు అడిగి తెచ్చాడు. అందరూ విన్నారు, కన్నతల్లి వినలేదు. ఆవిడ మంచం దిగకూడదు కాబట్టి మంచం దగ్గరే పెట్టాడు. మా అమ్మా నేనూ చాప మీద కూర్చున్నాం. అత్త వంటింటి గుమ్మం అవతల నిలబడింది. రమ్మన్నా రాలేదు.

మొదటి పాట మొదలైంది. అమ్మమ్మ కట్టుకట్టిన మొహం కప్పు వైపు పెట్టి, కదలకుండా విన్నది. మావ కూడా ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఆయన పాటని మొదట్నుంచి చివరిదాకా వింటున్న మనిషిని ఆయన ఇంత దగ్గర్నుంచి చూడడం అదే మొదటిసారి. పాట ముగింపుకి వచ్చింది. డ్రమ్ము, క్లారినెట్టు, వాటితో పాటే ధన్ ధన్ ధన్... ధన్.

అమ్మమ్మ గుమ్మం వైపు తల తిప్పేసింది. కదపకూడదన్న తల.

"ఒచ్చినావేటే" అంది. "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోనావే?"

మావ మెల్లగా, "అది రికార్డమ్మా" అన్నాడు.

"రికార్డైతే? నా కోడలు అడుగు నాకు తెల్దేటిరా" అంది అమ్మమ్మ. "రోజూ ఎవులో ఒచ్చి 'నానే, నానే' అంటారు. కూడెడతారు, పోతారు. మాట ఒస్తంది గాని మనిషి రాదు. కళ్ళు నేకుండా ఈ సీకట్లో తొంగున్నదానికి ఇంట్లో మనిషి తిరిగినట్టు తెలియొద్దేటిరా? నానేదో అన్నానని అది అలగ అయిపోనాది. ఇన్నాళ్ళకిప్పుడు ఒచ్చింది. ఒసే, ఇలా రావే."

అత్త గుమ్మం అవతలే ఉండిపోయింది. కుచ్చెళ్ళు పట్టుకున్న చెయ్యి ఇంకా అలాగే ఉంది. కాసేపటికి వదిలేసింది. గడప దాటి, గదికి అడ్డంగా, తన బరువంతా వేసి నడిచి వచ్చి మంచం పక్కన ఆగింది. చివరి అడుగు పడేదాకా ఆగి, అమ్మమ్మ జరిగి చోటిచ్చింది. అత్త కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు, రెండూ అయ్యుంటాయి. మావ లేచి వెళ్ళి కిటికీ దగ్గర మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

రికార్డు మీద రెండో పాట మొదలైంది. అన్నిట్లోకీ నా గొంతు బాగా పలికిన పాట అదే. ఆ గదిలో ఒక్కరంటే ఒక్కరు వినలేదు, నాతో సహా.